వీణ బిరడ బిగుసుకుపోతే ఏం చేయాలి?

జెద్దాలో వీణ ఉన్న ఇళ్లలో ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వినిపించే మాట ఒకటే: "బిరడ తిరగడం లేదండీ." సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఏసీ ఆపేస్తాం. తిరిగొచ్చేసరికి ఎర్రసముద్రపు తేమంతా చెక్కలో చేరి ఉంటుంది. మా అమ్మాయి వాయించేది బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. బిరడ రంధ్రం దగ్గర చీలిక వస్తే దాన్ని బాగు చేసేవారు నాకు తెలిసినంతలో ఇక్కడ లేరు. అందుకే బలప్రయోగం వద్దంటాను.

ఎందుకు బిగుస్తుంది?

తేమ పీల్చిన చెక్క పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కూడా అన్ని వైపులా సమానం కాదు. చెట్టు వలయాల వెంబడి పెరిగేది, వలయాలకు అడ్డంగా పెరిగేదానికి సుమారు 2 రెట్లు. దాంతో గుండ్రటి బిరడ కాస్త కోలగా మారి, ఒకచోట పట్టేసి మరోచోట జారుతుంది.

ఏం చేయాలి?

1. వీణను ఏసీ గదిలో, గాలి నేరుగా తగలని చోట 1, 2 రోజులు ఉంచండి. చాలాసార్లు దీంతోనే సగం పని అయిపోతుంది.

2. తీగ వదులయ్యే వైపు కొద్దికొద్దిగా తిప్పుతూ, బిరడను మెల్లగా బయటికి లాగండి. రెండో చేత్తో దండిని గట్టిగా పట్టుకోవాలి. ముఖం తీగకు ఎదురుగా పెట్టకండి.

3. ఒకసారికి ఒక్క బిరడే తీయండి. తీగలన్నీ వదిలేస్తే గుర్రం కదిలిపోతుంది.

4. బిరడను పొడిగుడ్డతో తుడిచి, మెరుస్తున్న చోట పొడి సబ్బు పలచగా రుద్దండి. అది నున్నగా తిప్పుతుంది. జారుతుంటే పైన కాస్త సుద్ద రాయండి. అది పట్టునిస్తుంది. వయొలిన్ బిరడలకు అమ్మే పేస్టు కూడా పనికొస్తుంది.

ఏం చేయకూడదు?

పట్టకారు, సుత్తి వాడొద్దు. కొబ్బరి నూనె, మెషిన్ ఆయిల్ అసలే వద్దు. చెక్క నూనె పీల్చుకుంటే ఆ తర్వాత బిరడ నిలవదు. గరుకు కాగితంతో అరగదీస్తే వాలు చెడుతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. మెట్లు కూర్చునేది మైనం మీద, వేడికి అవి కదులుతాయి. ఎండలో ఆపిన కారులో వీణను వదలకూడదనేది కూడా ఇందుకే.

పియానో ఉన్నవారికి

పియానోలో ఉన్నవి వాలు బిరడలు కావు, గట్టి చెక్కలో దిగిన ఉక్కు పిన్నులు. ఒక్కో పియానోకు 200కు పైగా ఉంటాయి. మరీ బిగుతుగా ఉన్న పిన్ను తిరగకముందు మెలిపడుతుంది, చెయ్యి తీయగానే వెనక్కి వస్తుంది. శ్రుతి కుదిరిందనుకుంటే నిలవదు. రంధ్రాన్ని కాస్త వెడల్పు చేయాలా, మరో పిన్ను వేయాలా అన్నది ట్యూనరే తేల్చాలి. నూనె అక్కడా నిషిద్ధమే.

వచ్చే సెలవులకు ముందు తీగల బిగువు కాస్త తగ్గించి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి వెళ్లండి. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు ఉంచి 45 నుంచి 55 శాతం మధ్య చూసుకుంటే బిరడతో కుస్తీ చాలావరకు తప్పుతుంది.