లారీలు దాటే హద్దు

2013 జనవరి. హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలో సాయంత్రం ఆరు కావస్తోంది. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో రియాక్టర్ల షెడ్డు ముందు నిలబడి ఉన్నారు మీరు. సాల్వెంటు వాసన గొంతులోకి దిగుతోంది. లోపలినుంచి షిఫ్టు ఇన్‌చార్జి కేక: "ఆరు గొడ్తున్నది, ఆ మోటర్లు బంద్ వెట్టుండ్రి! డీజీ చాలూ చెయ్యి!"

కిందటి సెప్టెంబరు నుంచీ పరిశ్రమలకు ఇదే వరస. పవర్ హాలిడే నాడు మెషీన్లు తిరగవు. మిగతా రోజుల్లోనూ రాత్రి పది దాకా పీక్ వేళ, లైట్ల మట్టుకే కరెంటు. హద్దు మీరితే బిల్లులో జరిమానా. కానీ రియాక్టర్‌లో సగంలో ఉన్న బ్యాచ్‌ను ఎలా ఆపుతారు? కలియతిప్పే అజిటేటర్ ఆగితే వేడి ఒక్కచోట పోగుపడుతుంది. సరుకు పాడవడమే కాదు, ప్రాణాల మీదికీ రావచ్చు. అందుకే జనరేటరు దడదడలాడుతూ లేచింది. మీ కాళ్ల కింద గచ్చు అదురుతోంది. ఈ జనరేటరు కరెంటు యూనిట్ ఖరీదు గ్రిడ్ కరెంటుకు రెండింతల పైమాటే.

తలెత్తి ఆ తీగల వెంట వెళ్లండి. 33 కేవీ ఫీడర్ నుంచి 132కు, అక్కడినుంచి 220కి, శంకర్‌పల్లి దగ్గర 400 కేవీకి. ఇంకా ఉత్తరానికి వెళితే రామగుండం. గోదావరి దాటి చంద్రాపూర్ వైపు సాగితే భద్రావతి. అక్కడ ఆగిపోవాలి.

భద్రావతిలో రెండు గ్రిడ్లు ఎదురుపడతాయి, కానీ కలవవు. అటు ఫ్రీక్వెన్సీ వేరు, ఇటు వేరు. అందుకని అటునుంచి వచ్చే ఏసీని థైరిస్టర్లు డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఏసీ చేసి దక్షిణానికి వదులుతాయి. ఎంత? 1000 మెగావాట్లు, అంతే. పటాన్‌చెరు సాకి చెరువు ఎంత నిండినా తూము పట్టినంతే నీరు దిగినట్టు. విశాఖ దగ్గర గాజువాకలో ఇలాంటిదే ఇంకొకటి. తాల్చేరు నుంచి కోలారుకు ఒక డీసీ లైను. దక్షిణాదికి పెద్ద దారులంటే ఇవే.

కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయి ఆంధ్రప్రదేశ్ గ్యాస్ ప్లాంట్లు చాలావరకు పడుకున్నాయి, నిజమే. ఇక్కడ తయారయ్యేది చాలదు. కానీ కొందామన్నా దారి లేదు. పవర్ ఎక్స్చేంజి కొనుగోళ్లలో దక్షిణాది రెండు ప్రాంతాలు: ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఎస్1; తమిళనాడు, కేరళ ఎస్2. దారి నిండిపోగానే మార్కెట్ ముక్కలవుతుంది. అదే రోజు, అదే గంటకు ఉత్తరాదిన ఒక ధర, ఇక్కడ అంతకు చాలా ఎక్కువ ధర. నాకు కడుపు మండేది ఇక్కడే. గేటు బయట ముంబై హైవే మీద సోలాపూర్ లారీలు రాత్రంతా రాష్ట్రాలు దాటి వస్తూనే ఉంటాయి. కరెంటుకే హద్దు.

అయితే ఆ హద్దుకు చేతులెత్తి మొక్కాల్సిన రోజూ ఒకటుంది. 2012 జులై 31. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు దక్షిణ గ్రిడ్ నిలబడింది. ఏసీతో ముడిపడి లేదు కాబట్టే.

ఇప్పుడు 2013 డిసెంబరు 31 రాత్రికి రండి. అదే షెడ్డు. రోడ్డు మీద కుర్రాళ్లు బైకుల హారన్లు కొడుతున్నారు. అవతల రాయచూరు, సోలాపూర్‌ల మధ్య 765 కేవీ లైను ఎక్కింది. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. కాశ్మీర్‌లో ఒక టర్బైన్, పాశమైలారంలో ఒక మోటారు ఇప్పుడు ఒకే లయలో తిరుగుతున్నాయి. ప్యానెల్ ముందు నిలబడ్డ మీకు మాత్రం తేడా ఏమీ కనిపించదు.

కనిపించదు ఎందుకంటే, కలిసినంత మాత్రాన లైను నిండా కరెంటు పోయనివ్వరు. ఒక లైను ట్రిప్పయితే మిగతావి ఆ భారం మోయగలగాలి. ఆ లెక్క చూసుకుని కొద్దికొద్దిగానే వదులుతారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2015లో ఛత్తీస్‌గఢ్‌తో 1000 మెగావాట్లకు ఒప్పందం రాసుకుంది. కాగితం సిద్ధమే, తీగ లేదు. వార్ధా నుంచి డిచ్‌పల్లి మీదుగా మహేశ్వరం దాకా 765 కేవీ టవర్లు లేచేదాకా ఎదురుచూపే; 2017లో గానీ ఆ కరెంటు ఇటు రాలేదు.