రెట్టల మీద లేచిన రాజ్యం

జులై 28 పెరూ దేశానికి పంద్రాగస్టు. 1821లో ఆ రోజున లిమా నగరం నడిబొడ్డున సాన్ మార్టిన్ అనే సేనాని స్పెయిన్ పెత్తనం చెల్లిపోయిందని చాటాడు. నిజానికి స్పెయిన్ సైన్యం మరో మూడేళ్లు కొండల్లో కాచుకుని కూచుంది. 1824 డిసెంబరులో అయాకుచో యుద్ధంతో గానీ లెక్క తేలలేదు. పండగ మాత్రం జులైకే ఖాయమైంది. ఈ సందర్భం వచ్చినప్పుడల్లా మాచుపిచ్చు గురించి రాయడం పత్రికల ఆనవాయితీ. నేనూ ఆ ఉద్దేశంతోనే కూచున్నాను. మధ్యలో పిట్టలు అడ్డొచ్చాయి.

పెరూవాళ్లు తమ దేశాన్ని మూడు ముక్కలుగా చెప్పుకుంటారు: కోస్తా, సియెర్రా, సెల్వా. కోస్తా అంటే మనమనే కోస్తానే, కాకపోతే వరి కనిపించే కోస్తా కాదు, వాన చినుకు ఎరగని ఇసుక ఎడారి. దాని వెనక ఆండీస్ కొండలు. ఆ కొండలు దిగితే దేశంలో సగానికి పైగా అమెజాన్ అడవే. 1825లో కొత్త ప్రభుత్వం రాజముద్ర గీయించుకున్నప్పుడు అందులో కొండల్లో తిరిగే వికునా అనే జంతువునీ, క్వినైన్ ఇచ్చే సింకోనా చెట్టునీ, బంగారు నాణేలు గుమ్మరిస్తున్న కొమ్మునీ పెట్టింది. అసలు నాణేలు గుమ్మరించబోయే ప్రాణి మాత్రం ముద్రలోకి ఎక్కలేదు.

ఆ ప్రాణి ఒక నీటికాకి. పేరు గువానయ్.

అంతకుముందు చరిత్ర చాలానే ఉంది. కరాల్ పట్టణం ఐదు వేల ఏళ్ల నాటిది. తర్వాత నాజ్కా గీతలు, ఇంకా సామ్రాజ్యం, 1532లో కహమార్కాలో స్పెయిన్ నుంచి వచ్చిన పిజారో చేతికి చిక్కిన అతావల్పా రాజు. వాటి జోలికి వెళితే ఈ పేజీ చాలదు. ఇంకాల కాలం నుంచి ఒక్క సంగతి పట్టుకొస్తాను. ఈ పిట్టలు గుడ్లు పెట్టే రోజుల్లో ఎవడైనా అవి రెట్ట వేసే సముద్ర దీవుల మీద కాలు పెడితే మరణశిక్షేనని గార్సిలాసో దె లా వేగా రాసిపెట్టాడు. ఆయన తల్లి ఇంకా రాజవంశపు ఆడపడుచు.

రెట్టకింత కాపలా ఎందుకంటే, అక్కడి సముద్రం అలాంటిది. అడుగు నుంచి చన్నీళ్లు పైకి తన్నుకొస్తాయి. వాటితో మేత, ఆ మేత కోసం నెత్తళ్లు గుంపులు గుంపులుగా వస్తాయి. మనం ఎండబెట్టుకుని వంకాయలో వేసుకునే నెత్తళ్లకు దగ్గరి చుట్టాలే. వాటిని తిని నీటికాకులు, పికేరోలనే సముద్రపక్షులు, గూడబాతులు దీవుల మీదికి చేరతాయి. వాన పడదు కాబట్టి రెట్ట కడుక్కుపోదు. పిస్కో రేవుకు ఎదురుగా ఉన్న చించా దీవుల మీద అది కొన్నిచోట్ల నూరడుగులకు పైగా పేరుకుంది. చేలో గొర్రెల మంద కట్టించి, ఆ రాత్రికి కాపరికి ఇంత ముట్టజెప్పే మన రైతుకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1802లో ఇటు వచ్చిన హంబోల్ట్ అనే శాస్త్రవేత్త తిరిగి వెళ్తూ కాస్త నమూనా యూరప్‌కు పట్టుకెళ్లాడు. చేవ చచ్చిన పొలాలతో ఇంగ్లండు సతమతమవుతున్న 1840లలో దీవులకు ఓడలు మొదలయ్యాయి. నాలుగు దశాబ్దాల్లో కోటి టన్నులకు పైగా తరలిపోయింది. ఒక్కోసారి వంద ఓడలు వంతు కోసం నెలల తరబడి లంగరేసి ఉండేవి. కొండ అంచు నుంచి గుడ్డ గొట్టం ఓడ కడుపులోకి దించి, పైనుంచి గువానో, అంటే ఆ రెట్ట ఎరువు, వదిలేవారు. పసుప్పచ్చ ధూళి లేచేది. అమ్మోనియా ఘాటుకు కళ్లు తెరవలేక నావికులు తెరచాప కొయ్యల చిటారుకు ఎగబాకేవారు. లోపల పార పట్టినవాడికి ఎగబాకే వీలు కూడా లేదు.

పైన తవ్వేవాళ్లలో ఖైదీలు, బానిసలు ఉండేవారు. 1849 నుంచి ఒప్పందాల మీద చైనా కూలీలు వచ్చారు. ఎనిమిదేళ్ల ఒప్పందం, తప్పించుకునే దారి సముద్రమొక్కటే. కొందరు ఆ దారే పట్టి కొండ మీంచి దూకారు. ఇక్కడే నాకు అప్పట్లో పెరూను ఏలిన రామోన్ కాస్తియా మీద మనసు రెండుగా చీలుతుంది. 1854లో బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి ఆయన. మూలవాసుల మీది కప్పం ఎత్తేసిందీ ఆయనే. బానిసల యజమానులకు పరిహారం చెల్లించింది గువానో డబ్బుతో. అంటే నల్లవాళ్ల సంకెళ్లు తెగడానికి డబ్బు తవ్విచ్చినవాళ్లలో సంకెళ్ల లాంటి ఒప్పందాలున్న చైనావాళ్లూ ఉన్నారు.

ఈ గువానో కోసం యుద్ధం కూడా జరిగింది. 1864 ఏప్రిల్‌లో స్పెయిన్ నౌకాదళం చించా దీవుల్ని ఆక్రమించుకుంది. పోగొట్టుకున్న సామ్రాజ్యంలోంచి స్పెయిన్ తిరిగి పట్టుకున్నది రెట్ట గుట్టల్ని! 1866 మే 2న కయావో రేవులో ఫిరంగులు పేలాయి. గెలుపు మాదంటే మాదని ఇరుపక్షాలూ పండగ చేసుకున్నాయి. ఆ తేదీ పేరుతో లిమాలో ఇప్పటికీ ఒక కూడలి ఉంది.

వచ్చిన డబ్బు ఏమైందంటే, సముద్రమట్టానికి 4,781 మీటర్ల ఎత్తున సొరంగం తొలిచిన రైలు దారి ఒకటి మిగిలింది, కొండంత అప్పు మిగిలింది. 1876లో పెరూ చేతులెత్తేసింది. 1879లో చిలీతో యుద్ధం వచ్చింది. ఈసారి గొడవ గువానోతో పాటు నైట్రేట్ గురించీ. అవి ఉన్న ఎడారి పెరూ చేజారిపోయింది.

ఆ తర్వాత కథ నా చేతికి సరిగా చిక్కదు. 1909లో ప్రభుత్వమే కంపెనీ పెట్టి, దీవులకు కాపలావాళ్లను నియమించి, పిట్టల్ని మళ్లీ కోట్లకు పెంచింది. అంతలో చేపపిండి వ్యాపారం వచ్చి నెత్తళ్లను పిట్టల నోటి ముందు నుంచి లాగేసుకుంది; 1970లో ఒక్క ఏడాదే కోటి టన్నులు దాటి పట్టారు. 1972లో ఎల్ నినో వచ్చి నీళ్లు వేడెక్కాయి, వల ఖాళీ అయింది. అదే ఏడు మన దేశంలోనూ వానలు ముఖం చాటేశాయి. 2022లో బర్డ్ ఫ్లూ లక్షల పక్షుల్ని తీసుకుపోయింది. అదే ఏడాది యూరియా ధర మండిపోయి, రైతుల కళ్లు మళ్లీ దీవుల వైపు తిరిగాయి.

ఇప్పుడు పిట్టలు పిల్లల్ని లేపుకుని వెళ్లాక, వంతులవారీగా ఒక్కో దీవి తవ్వుతారు. మిషన్లు లేవు, గునపం, పార, జల్లెడ, 50 కిలోల బస్తా. మోసేవాళ్లలో చాలామంది ఆండీస్ పల్లెల నుంచి దిగిన కెచువా మనుషులు. గువానో అన్న మాట స్పానిష్‌లోకి వెళ్లింది వాళ్ల భాష నుంచే. ఇంట్లో దాన్ని వాళ్లు ఇప్పటికీ వాను అనే అంటారు.