బతిల్డ్ రాణి మీద పడిన నింద

వెడల్పాటి నది. నీళ్ళ మీద తెడ్డూ చుక్కానీ లేని పడవ. అందులో పరుపు, పరుపు మీద పక్కపక్కనే ఇద్దరు పడుచు రాకుమారులు. మొహాల్లో నెత్తురు చుక్క లేదు, కాళ్ళకు కట్లు, పాదాల దగ్గర ఒక కొవ్వొత్తి. ఎవరిస్త్ లుమినె 1880లో వేసిన ఈ తైలవర్ణ చిత్రం నేనుండే నార్మండీలో, రువాఁ నగరం మ్యూజియంలో ఉంది. దీనిదే ఇంకో ప్రతి ఆస్ట్రేలియాలో సిడ్నీకి చేరింది. మాండవ్య ఏటిలో ఇసుకే ఎక్కువ చూసి పెరిగిన రాయచోటి వాళ్ళకు ముందు ఆ నీళ్ళే కంటికి ఆనతాయి. ఆ తర్వాత, ఈ పిల్లలకు ఏమైందని అడగాలనిపిస్తుంది.

కథ ఇట్లా చెప్తారు. ఏడో శతాబ్దంలో ఫ్రాంకుల రాజు రెండో క్లోవిస్ జెరూసలేం యాత్రకు పోయినప్పుడు, ఇద్దరు కొడుకులు తల్లి బతిల్డ్ మీద తిరగబడ్డారు. రాజు తిరిగొచ్చి వాళ్ళను అణిచాడు. కాళ్ళ నరాలు కోయించమని శిక్ష చెప్పింది కన్నతల్లేనట. నిలబడలేని బిడ్డలను పడవలో పెట్టి సెన్ నదిలో వదిలేశారు. పడవ జుమియెజ్ మఠం ఒడ్డుకు చేరింది, మఠాధిపతి ఫిలిబెర్ వాళ్ళను చేరదీశాడు.

ఇందులో మఠమూ ఫిలిబెరూ నిజం, శిక్ష అబద్ధం. క్లోవిస్ ఆ యాత్రకు పోనేలేదు. 657లో, ఇరవై దాటిన కొన్నేళ్ళకే చనిపోయాడు. అప్పటికి ఆయన ముగ్గురు కొడుకులూ పసివాళ్ళు, తిరుగుబాటు చేసే వయసే కాదు. తర్వాత ముగ్గురూ రాజులయ్యారు.

మరి కథ ఎక్కడ పుట్టింది? లేపాక్షి వీరభద్రాలయంలో గోడ మీది ఎర్రమరకలు చూపించి, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి విసిరిన గుర్తులని మనకు చెప్తారు. జుమియెజ్‌లో ఆ మరకల చోట ఒక సమాధి ఉండేది. దాని మీద పదమూడో శతాబ్దంలో చెక్కిన రెండు పడుకున్న విగ్రహాలుండేవి. కథ కూడా రాకుమారుల కాలానికి అయిదు వందల ఏళ్ళ తర్వాతే కనిపిస్తుంది. ఆ మఠం 654లో క్లోవిస్, బతిల్డ్ ఇచ్చిన నేల మీద లేచింది. 841లో వైకింగులు తగలబెట్టారు. మళ్ళీ కట్టుకున్న సన్యాసులకు, రాజబిడ్డలు మా దగ్గరే ఉన్నారనే మాట పెద్ద గౌరవం. ఆ గౌరవం కోసం ఒక తల్లిని బలిపెట్టారని నాకనిపిస్తుంది.

ఆ తల్లి ఎవరో తెలిస్తే కడుపు మండుతుంది. బతిల్డ్ ఇంగ్లండ్ నుంచి బానిసగా అమ్ముడై వచ్చిన పిల్ల. ఒక పెద్ద అధికారి ఇంట ఊడిగం చేసి, రాజును పెళ్ళాడి, భర్త పోయాక పసికొడుకు పేరిట రాజ్యం నడిపింది. క్రైస్తవులను బానిసలుగా అమ్మడాన్ని నిషేధించింది, తన డబ్బుతో ఎందరినో విడిపించింది. తాను పడిన బాధ మరొకరు పడకూడదనుకున్న మనిషి ఆమె. ఆమె చేత బిడ్డల నరాలు కోయించారు కథకులు!

లుమినె ఆ కథను ఎత్తుకున్న కాలం చూస్తే, 1870-71లో జర్మన్ల చేతిలో ఓడి, అల్సాస్‌ను పోగొట్టుకున్న ఫ్రాన్స్ అప్పుడు తన పాత రాజులను, పాత పతనాలను తవ్వుకుంటోంది. 751లో క్లోవిస్ వంశపు చివరి రాజు జుట్టు కత్తిరించి మఠానికి తోలడాన్ని కూడా లుమినె ఇంకో చిత్రంగా వేశాడు. శక్తి ఉడిగిన రాజవంశానికి కదలలేని ఆ కాళ్ళకంటే సరైన బొమ్మ దొరకదు. చిత్రం గొప్పదే, ఒప్పుకుంటాను. అందులో తల్లి కనిపించదు, అదొక్కటే ఊరట.

జుమియెజ్ ఇప్పుడు పైకప్పు లేని శిథిలం. 1789 విప్లవం తర్వాత మఠాన్ని అమ్మేస్తే, కొన్నవాళ్ళు రాళ్ళ కోసం పగలగొట్టారు. జంట గోపురాలు మాత్రం నిలిచాయి. మనవాళ్ళు ఎవరైనా ఫ్రాన్స్ వస్తే అక్కడికి తప్పకుండా తీసుకుపోతాను. దానికంటే ముందు పారిస్ పక్కనే ఉన్న షెల్ ఊరికి తీసుకుపోతాను. బతిల్డ్ చివరి రోజులు గడిపిన మఠం ఆ ఊళ్ళోనే ఉండేది. ఆమెదని చెప్పే నారబట్ట చొక్కా అక్కడి మ్యూజియంలో ఉంది. దాని మెడ చుట్టూ బంగారు నగలకు బదులు పట్టుదారాలతో కుట్టిన హారాలుంటాయి.