క్రాస్‌బో బలం విల్లులోనా, మీటలోనా?

క్రాస్‌బో గురించి రాసేవాళ్లు ఎక్కువగా దాని విల్లుబద్ద దగ్గరే ఆగిపోతారు: అది కర్రదా, కొమ్ముదా, ఉక్కుదా, ఎంత బరువు లాగుతుంది అని. అసలు కీలకం మీటలో ఉంది. మామూలు విల్లులో అల్లెతాడు లాగడం, పట్టి ఉంచడం, గురిచూడడం మూడూ ఒకే జత చేతుల పని. అందుకే చిన్నప్పటి నుంచీ సాధన కావాలి. క్రాస్‌బోలో విల్లును దండానికి అడ్డంగా బిగించి, లాగిన తాడును కొక్కేనికి తగిలిస్తారు. ఇక ఆ ఒత్తిడిని మోసేది యంత్రం. మనిషి తీరిగ్గా గురిచూసి మీట నొక్కుతాడు. విలుకాడి భుజంలో ఉండాల్సిన నేర్పులో సగం కార్ఖానాకు తరలిపోయిందన్నమాట.

ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నది చైనావాళ్లు. క్రీ.పూ. 341లో మాలింగ్ దగ్గర యుద్ధ వ్యూహకర్త సున్ బిన్ మాటువేసి ఉంచిన క్రాస్‌బో దళాలే వెయ్ రాజ్య సైన్యాన్ని దెబ్బతీశాయని చరిత్రకారుడు సిమా చియెన్ గ్రంథం చెబుతుంది. వాళ్ల మీటలో కంచుతో పోతపోసిన కదిలే ముక్కలు మూడు, వాటిని పట్టి ఉంచే శీలలు రెండు. తాడు బరువు కొక్కెం మీద, కొక్కెం నడిమి ముక్క మీద, అది మీట మీద ఆనుతాయి. అంచెలంచెలుగా తగ్గుతూ వచ్చిన ఒత్తిడిని చివరికి ఒక్క వేలు విడిపిస్తుంది. షియాన్ దగ్గర చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిన మట్టి బొమ్మల సైన్యంతో పాటు దొరికిన రెండు వందలకు పైగా మీటలను కొలిచి చూస్తే, అవి జట్లుజట్లుగా తయారైనవని తేలింది. రాజ్యం పూనుకుంటే తప్ప ఆ స్థాయి పని జరగదు. ఆ తర్వాతి హాన్ రాజవంశ కాలంలో ఈ ముక్కలన్నిటినీ కంచు పెట్టెలో అమర్చడంతో ఇంకా బలమైన విళ్లు వాడడం వీలైంది.

యూరప్ దారి వేరు. అక్కడ తాడును పట్టి ఉంచింది జింక కొమ్ముతో చేసిన గుండ్రటి తిరుగుడు బిళ్ల. అదీ దండం మధ్యలో, విల్లుకు దగ్గరగా ఉండేది. 15వ శతాబ్దపు ఉక్కు విళ్లు వెయ్యి పౌన్లకు పైగా లాగినా, తాడు ముందుకు సాగే దూరం జానెడైనా లేదు. బలంలో చాలా భాగం వృథా. చైనా మీట దండం చివర ఉండేది కాబట్టి తక్కువ బరువు విల్లుతోనే తాడును బారుగా లాగగలిగారు. అయినా యూరప్‌లో ఈ ఆయుధానికి జడవనివాళ్లు లేరు. 1139లో క్రైస్తవ మతాధికారుల లాటరన్ మహాసభ క్రైస్తవుల మీద దీన్ని వాడొద్దంది (అదే నిషేధం మామూలు విలుకాళ్లకూ వర్తించిందని చాలామంది మరిచిపోతారు). 1199లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ షాలూ కోట ముందు క్రాస్‌బో బాణం గాయంతోనే పోయాడు.

మరి 1346లో క్రెసీ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున వచ్చిన జెనోవా క్రాస్‌బోవాళ్లు ఇంగ్లిష్ విలుకాళ్ల ముందు ఎందుకు నిలవలేదని అడగొచ్చు. వాళ్ల పెద్ద డాళ్లు సామాను బళ్లలోనే ఉండిపోయాయి, పైగా నడిచి నడిచి అలసిపోయి వచ్చారు. అయినా ఆక్షేపణలో నిజం ఉంది: చక్రం తిప్పి ఎక్కుపెట్టే క్రాస్‌బో నిమిషానికి రెండు బాణాలు వేసేలోపు మామూలు విల్లు పది వేస్తుంది. కానీ ఆ పదికి ఇంగ్లండ్ ఏం చెల్లించిందో చూడాలి. సెలవు రోజుల్లో మగవాళ్లంతా విలువిద్య సాధన చేయాలని 1363లో మూడో ఎడ్వర్డ్ శాసించాల్సి వచ్చింది. క్రాస్‌బోకు అంత కాలం పట్టదు. తుపాకీకీ పట్టదు, అందుకే దాని స్థానంలోకి తుపాకీ సులువుగా వచ్చింది. 1519లో స్పెయిన్ సేనాని కోర్తెస్ మెక్సికోకు తీసుకెళ్లిన దళంలో క్రాస్‌బోవాళ్లు 32 మంది, తుపాకీవాళ్లు 13 మంది. ఆ శతాబ్దం ముగిసేసరికి యూరప్‌లో క్రాస్‌బో వేటకూ గురి పోటీలకూ మాత్రమే మిగిలింది.