ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో మునిగిన కంప్యూటర్

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో బోరు కింద సేద్యం చేసే రైతుకు ఎండాకాలమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదే కన్ను. లోడు పెరిగి, లోపలి నూనె తగ్గితే అది కాలిపోతుంది. కొత్తది వచ్చేదాకా పైరుకు తడి ఉండదు. ఆ నూనె రెండు పనులు చేస్తుంది: కరెంటు పక్కకు పాకకుండా అడ్డుకుంటుంది, తీగచుట్టల వేడిని లాగి బయటి గొట్టాలకు చేరుస్తుంది. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఆ ఉపాయమే వందేళ్లు దాటాక బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రాలకు అక్కరకొచ్చింది.

2009 జనవరిలో బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం మొదలైనప్పుడు, కంప్యూటర్ లెక్కలతో దాన్ని సంపాదించే మైనింగ్‌కు ఇంట్లోని మామూలు కంప్యూటరే చాలేది. ఏడాది తిరిగేసరికి గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. 2013 నుంచి ఆ ఒక్క లెక్క కోసమే తయారైన ఏసిక్ యంత్రాలు రంగంలోకి దిగాయి. యాంట్‌మైనర్ ఎస్19 తరగతి యంత్రం దాదాపు 3,250 వాట్లు లాగుతుంది, అంటే రోజుకు 78 యూనిట్లు. లాగిన కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. చిన్న గదిలో మూడు ఇస్త్రీపెట్టెలు రాత్రింబవళ్లు కాలుతున్నట్టే లెక్క.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ప్రాంతంలో బయటి గాలే 42, 43 డిగ్రీలుంటుంది. ఆ గాలిని ఫ్యానుతో విసిరితే చిప్పుకు ఊరట దొరకదు. అయితే మన ఎండలో ఒక మేలుంది: గాలి పొడిగా ఉంటుంది. 43 డిగ్రీల దగ్గర తేమ 20 శాతమే ఉంటే, తడి ప్యాడ్ గుండా వచ్చే గాలి 30 డిగ్రీల లోపుకు దిగగలదు. మచిలీపట్నం ఉక్కపోతలో ఇంత దిగదు. మన పెద్దలు కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లింది ఈ సూత్రంతోనే. ఇప్పటి కూలర్లలో కనిపించే తేనెపట్టులాంటి అట్ట ప్యాడ్లదీ అదే పని.

చిక్కు నీళ్ల దగ్గర వస్తుంది. ఒక యంత్రం వేడినంతా నీటి ఆవిరితోనే తీయాలంటే రోజుకు సుమారు 115 లీటర్లు కావాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో అది ఏడెనిమిది బిందెలు. పైగా బోరునీళ్ల ఉప్పు ప్యాడ్ మీద తెల్లగా పేరుకుని గాలిదారి మూసేస్తుంది. కరువు నేలలో ఈ లెక్క చూడకుండా కూలర్ పెట్టుకోమని నేను చెప్పలేను.

వేడి తీసే మరో దారిని అమెరికాలో సీమోర్ క్రే చూపించాడు. 1985లో వచ్చిన ఆయన సూపర్‌కంప్యూటర్ క్రే-2లో సర్క్యూట్ బోర్డులను ఫ్లోరినర్ట్ అనే ద్రవంలోనే ముంచేశారు. కరెంటు ఆ ద్రవంలో పారదు, వేడి మాత్రం పారుతుంది. 2013లో హాంకాంగ్‌కు చెందిన అలైడ్ కంట్రోల్ సంస్థ ఈ పద్ధతిని బిట్‌కాయిన్ యంత్రాలకు తెచ్చింది. వాళ్లు వాడిన 3ఎమ్ కంపెనీ ద్రవం చిప్పుల వేడికి మరిగి ఆవిరవుతుంది. ఆవిరి పైనున్న చల్లటి గొట్టాలకు తగిలి, మళ్లీ తొట్టిలోకే కారుతుంది. ఎంత అందమైన పనితనం! కానీ ఇలాంటి ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీళ్లలో తరాల పాటు నిలిచిపోతాయి. 2025 చివరికి వాటి తయారీ మానేస్తామని 3ఎమ్ 2022 డిసెంబరులో ప్రకటించింది. మరగని ఖనిజ నూనెలు, కృత్రిమ నూనెలు నింపిన తొట్లు ఇంట్లో మైనింగ్ చేసేవాళ్లకు అందుబాటులో ఉన్న దారి. యంత్రం ఫ్యాన్లు విప్పేసి నూనెలో దించితే చెవులు హోరెత్తించే మోత ఆగిపోతుంది, దుమ్ము దరిచేరదు. పంపు నూనెను బయటి రేడియేటర్‌కు తోడుతుంది.

ఓర్వకల్లు మధ్యాహ్నం ఇక్కడా పరీక్ష పెడుతుంది. నూనె 50 డిగ్రీల్లో, గాలి 43లో ఉంటే మధ్య తేడా ఏడే డిగ్రీలు. రేడియేటర్ వేడిని సరిగా వదల్లేదు. అందుకే రేడియేటర్ ముందు తడి ప్యాడ్ నిలబెట్టే పద్ధతి వచ్చింది. ఎండ ముదిరిన నాలుగైదు గంటలే దాన్ని తడిపితే చాలు, మిగతా పూటంతా పొడి గాలితోనే నెగ్గుకురావచ్చు.