ఏడాదికి కుదిరిన పాలేరు, పావుగంటలో పోయిన ఉద్యోగం

మొన్న మంగళవారం పొద్దున్నే నా పక్క క్యూబులో కూర్చునే పెద్దాయన్ని మీటింగు రూముకి పిలిచారు. పావుగంటలో తిరిగొచ్చాడు. వెనకాలే హెచ్చార్ అమ్మాయి, ఆమె చేతిలో ఖాళీ అట్టపెట్టె. కాఫీ కప్పు, మనవరాలి ఫొటో, రెండు పుస్తకాలు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం ఆ పెట్టెలో పట్టేసింది. మేమందరం తలలు దించుకుని కీబోర్డులు కొడుతూనే ఉన్నాం. చేరిన కొత్తలో నాకు ఓపిగ్గా పని నేర్పింది ఆయనే. అయినా లేచి నాలుగడుగులు వేసి చెయ్యి కలపలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఇలా పంపేసే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుకుతూ కూర్చున్నాను.

పాత ఇంగ్లీషు న్యాయం ప్రకారం, గడువు చెప్పకుండా పనివాణ్ణి పెట్టుకుంటే ఏడాదికి కుదుర్చుకున్నట్టే లెక్క. పనున్నప్పుడు చాకిరీ చేయించుకుని, పని లేని రోజుల్లో గెంటెయ్యకూడదని దాని ఉద్దేశం. మన ఊళ్ళలో పాలేరు కూడా ఏడాదికే కుదిరేవాడు కదా. (వాడి బతుకు హాయిగా ఉండేదని కాదు నేననేది.)

అమెరికాలో 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయవాది ఒక పుస్తకం రాస్తూ, గడువు లేని ఉద్యోగాన్ని ఎవరైనా ఎప్పుడైనా తెంచుకోవచ్చని తేల్చేశాడు. ఆయన చూపించిన తీర్పులు ఆ మాటని బలపరచవని తర్వాత చాలామంది పండితులు వాదించారు. కానీ కోర్టులు ఆ సూత్రాన్నే పట్టుకున్నాయి. మంచి కారణానికైనా, కారణం లేకపోయినా, ఆఖరికి చెడ్డ కారణానికైనా తీసెయ్యొచ్చని 1884లో టెన్నెసీ సుప్రీంకోర్టు అనేసింది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక జాతి, మతం లాంటి కారణాలు చెల్లవన్నారు. సరైన కారణం చూపించాల్సిందేనని 1987లో చట్టం చేసిన రాష్ట్రం మోంటానా ఒక్కటే.

చట్టం అలా ఉన్నా అందరూ అలాగే నడుచుకోలేదు. 1930ల మాంద్యంలో కూడా ఐబీఎం తన మనుషుల్ని వదులుకోకుండా నెట్టుకొచ్చింది. ఉద్యోగాలు తీసెయ్యకపోవడం అక్కడ ఆనవాయితీ. భారీ నష్టాలొచ్చాక 1993లో అదీ పోయింది. అంటే ఆ భరోసా చట్టం ఇచ్చింది కాదు, కంపెనీ ఇచ్చిన మాట.

1988 నాటి చట్టం ఒకటుంది. వందమందికి పైగా పనిచేసే కంపెనీ మూకుమ్మడిగా జనాన్ని తీసేస్తే 60 రోజుల ముందు చెప్పాలి. మా పెద్దాయన ఒక్కడే కాబట్టి అది వర్తించదు. హెచ్-1బి మీదున్న నాలాంటివాళ్ళకి ఇంకో అరవై ఉంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు దేశంలో ఉండొచ్చని 2017లో వచ్చిన నిబంధన. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా పిల్లల్ని బడి మాన్పించి సామాను సర్దుకోవాలి. ఆ రోజు నా కాళ్ళు కదలనిది ఇందుకే.

నిన్న ధైర్యం చేసి ఆయనకి ఫోన్ చేశాను. పోయినవారం ఇద్దరం కలిసి పట్టుకున్న బగ్ ఏమైందని ముందు అదే అడిగాడు. క్షమించమందామనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. శనివారం భోజనానికి పిలిచాను. అప్పుడైనా చెప్పాలి.