అసలు పోయింది, నకలు మిగిలింది

ప్రపంచయాత్రకు బయల్దేరిన అమెరికన్ బృందంలో ఓ ముసలి కోటీశ్వరుడు లండన్ హోటల్ గదిలో హత్యకు గురవుతాడు. చంపినవాడు తోటి యాత్రికుల్లోనే ఉన్నాడు. స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ డఫ్ వాళ్లను వెంటాడుతూ హోనలూలూ చేరేసరికి అతనికీ తూటా తగులుతుంది. అప్పుడుగానీ డిటెక్టివ్ చార్లీ చాన్ రంగంలోకి దిగడు. ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో చేరేలోగా హంతకుణ్ని పట్టుకోవాలి.

ఎర్ల్ డెర్ బిగర్స్ 1930లో రాసిన నవల ఆధారంగా ఫాక్స్ కంపెనీ 1931లో తీసిన స్పానిష్ చిత్రం ‘ఎరాన్ త్రేసే’ (వాళ్లు పదముగ్గురు) కథ ఇది. ఇవాళ చూస్తుంటే సినిమా కన్నా నాటకం చూస్తున్నట్టే ఉంటుంది. పాత్రలు తలుపు తీసుకుని వస్తాయి, నిలబడి మాట్లాడతాయి, వెళ్లిపోతాయి. మాటకూ మాటకూ మధ్య మౌనాన్ని నింపే సంగీతం లేదు. యాత్రికుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టడానికే చాలాసేపు పడుతుంది. ఊళ్లు మారతాయి గానీ మనం చూసేవి ఎక్కువగా గదులే.

ఒక కథ, రెండు జట్లు

మూకీల కాలంలో టైటిల్ కార్డులు మారిస్తే చాలు, హాలీవుడ్ సినిమా ఏ దేశంలోనైనా ఆడేది. టాకీ రాగానే ఆ సౌలభ్యం పోయింది. డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. దాంతో అదే కథను, అవే సెట్లలో వేరే నటులతో మరో భాషలో తీయడం మొదలుపెట్టారు. పారామౌంట్ ఇందుకోసమే పారిస్ దగ్గర జాయిన్‌విల్‌లో స్టూడియో నడిపింది. యూనివర్సల్ ‘డ్రాకులా’ను పగలు ఇంగ్లిష్‌లో, రాత్రి స్పానిష్‌లో తీసింది. తెలుగు ‘మిస్సమ్మ’లో ఎన్టీఆర్ వేసిన పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ వేసిన సంగతి తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

‘ఎరాన్ త్రేసే’కు దర్శకుడు డేవిడ్ హోవార్డ్. తర్వాత కౌబాయ్ చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. చాన్‌గా మాడ్రిడ్ నటుడు మాన్యుయెల్ అర్బో, నాయికగా స్పెయిన్‌కే చెందిన ఆనా మరియా కుస్తోదియో నటించారు. మరో నటుడు హువాన్ తొరేనా మనీలాలో పుట్టి, బార్సిలోనా క్లబ్‌కు ఫుట్‌బాల్ ఆడినవాడు. రౌల్ రూలియన్ బ్రెజిల్ గాయకుడు. ఇలా తలో దేశం వాళ్లను ఒకే సినిమాలో కలిపితే యాసలు కలవవు. స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ ఆ రోజుల్లో ఇదో పెద్ద రగడ. డబ్బింగ్ గాడినపడ్డాక స్టూడియోలు ఈ రెండో జట్ల ఖర్చే మానుకున్నాయి.

గోదాములో మంటలు

1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ ఫిల్ములు దాచిన గోదాము తగలబడింది. అప్పటి నైట్రేట్ ఫిల్ము వేసవి వేడికి తనంతట తానే అంటుకునే రకం. 1932కు ముందు ఆ సంస్థ తీసిన సినిమాల్లో చాలాభాగం ఆ మంటల్లో పోయాయి. ఇదే కథతో తీసిన, నటుడు వార్నర్ ఓలండ్ తొలిసారి చాన్‌గా కనిపించిన ఇంగ్లిష్ చిత్రం ‘చార్లీ చాన్ క్యారీస్ ఆన్’ కూడా ఇవాళ లేదు. ఓలండ్ చాన్‌గా చేసిన 16 చిత్రాల్లో నాలుగు కనుమరుగయ్యాయి. స్పానిష్ చిత్రం మాత్రం మిగిలి, 2006లో చార్లీ చాన్ డీవీడీ సెట్‌లో అదనపు చిత్రంగా బయటికొచ్చింది.

అందుకే చాలామంది దీన్ని ఓలండ్ ఎలా చేసి ఉంటాడో ఊహించుకోవడానికే చూస్తారు. అది అర్బోకు అన్యాయం. పైగా ఓలండ్ పుట్టింది స్వీడన్‌లో, అర్బో స్పెయిన్‌వాడు. చైనీయుడైన చాన్ పాత్రకు రెండు భాషల్లోనూ మేకప్పే గతి అయింది. ఇవాళ చూస్తే ఇబ్బందిపెట్టే విషయమిది.

స్పానిష్ ‘డ్రాకులా’లో కెమెరా ఇంగ్లిష్ దానికన్నా చురుగ్గా కదులుతుందని విమర్శకులు మెచ్చుకుంటారు. రెండూ మిగిలాయి కనుక ఆ పోలిక సాధ్యమైంది. ‘ఎరాన్ త్రేసే’లోని బిగుసుకుపోయిన తీరు హోవార్డ్‌దా, ఇంగ్లిష్ చిత్రం నుంచి వచ్చిందా అన్నది తేల్చే దారి లేదు. పోల్చడానికి జత లేనప్పుడు నకలు అన్న మాటకూ అర్థం ఉండదు. దీన్ని దీనిగానే చూడాలి: మాట నేర్చి నాలుగేళ్లయిన సినిమా, నడక మళ్లీ నేర్చుకుంటున్న దశ ఇది.